వాగు ఎవరి డ్యూటీ?

2022 జులై రెండో వారం. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా దహెగాం మండలంలో పెద్దవాగు పొంగి ఊళ్లను చుట్టేసింది. నీళ్ల నడుమ చిక్కినవాళ్లను బయటికి తేవడానికి వెళ్లిన సింగరేణి రెస్క్యూ సిబ్బందిలో ఇద్దరు ఆ వరదలోనే కొట్టుకుపోయి ప్రాణాలు వదిలారు. బొగ్గుబాయిలో మంటలు లేచినప్పుడు, విషవాయువు కమ్మినప్పుడు, వీపున ఆక్సిజన్ పరికరం కట్టుకుని లోపలికి దిగే శిక్షణ వాళ్లది. సుడులు తిరిగే వాగును దాటడం వేరే విద్య. దానికి వేరే పడవ, వేరే తాళ్లు, ఏళ్ల తరబడి నీళ్లలోనే చేసిన సాధన కావాలి. ఆ విద్య నేర్చిన బృందం ఒకటి ఆ జిల్లాలోనే కాపురం ఉండి ఉంటే గని మనుషులను వాగులోకి పంపాల్సిన అవసరం వచ్చేది కాదు.

ఆ ఇద్దరి మరణం జిల్లా దాటి పెద్దగా చర్చకు రాలేదు. ప్రకృతి విపత్తులకు రాష్ట్ర ప్రభుత్వాలు ఏ మేరకు సన్నద్ధంగా ఉన్నాయన్న ప్రశ్నను అక్కడి నుంచే మొదలుపెట్టాలని నాకనిపిస్తుంది. కారణం ఉంది. దహెగాం ఉన్న జిల్లాలోనే, రెబ్బెన మండలంలో గోలేటి ఉంది. సింగరేణి బెల్లంపల్లి ఏరియా జనరల్ మేనేజర్ కార్యాలయం ఉన్నది అక్కడే. సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. అంటే ఒకే యజమాని చేతి కింద, ఒకే జిల్లాలో, ప్రమాదాన్ని ఎదుర్కొనే పద్ధతులు రెండు నడుస్తున్నాయి. ఒకటి భూమి కింద, ఒకటి భూమి మీద. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడాలోనే మన జవాబు చాలావరకు ఉంది.

ముందు భూమి కింది సంగతి. 2025 దాకా అమల్లో ఉన్న 1952 నాటి గనుల చట్టం, బొగ్గు గనుల నిబంధనలు, 1985 నాటి మైన్స్ రెస్క్యూ రూల్స్, వీటన్నిటి అమలును చూసే ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్. నీళ్ల ప్రమాదం ఒక్కదాన్నే తీసుకుందాం. గని మూతి ఆ చోట ఇంతవరకు చూసిన అతి పెద్ద వరద మట్టానికి కనీసం మీటరున్నర ఎత్తున ఉండాలి. నీళ్లు నిలిచి ఉండొచ్చన్న పాత పనులకు 60 మీటర్ల దగ్గరికి వస్తే, రాతపూర్వకంగా అనుమతి లేకుండా ఒక్క అడుగు ముందుకు తవ్వకూడదు. ఏ షిఫ్టులో ఏ జిల్లాను ఏ సర్దార్ చూడాలో (బాయిలో జిల్లా అంటే పనిస్థలంలో ఒక భాగం), అతని మీద ఏ ఓవర్‌మన్ ఉన్నాడో, అతను ఏం చూశానని పుస్తకంలో రాసి సంతకం పెట్టాడో, అన్నీ కాగితం మీద ఉంటాయి. ప్రమాదం కనిపిస్తే మనుషులను బయటికి పంపేయాల్సిన బాధ్యత, ఆ అధికారం సర్దార్‌కే ఉన్నాయి. జీఎం ఫోను కోసం ఎదురుచూడాల్సిన పని లేదు.

ఈ నిబంధనలు ఎవరో పుణ్యాత్ములు కూర్చుని రాసినవి కావు. ఒక్కో వాక్యం వెనకా శవాలున్నాయి. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గరి చాస్‌నాలా గనిలోకి నీళ్లు విరుచుకుపడి 370 మందికి పైగా చనిపోయారు. మన గోదావరిఖనిలో 2003 జూన్ 16న జీడీకే 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు పోయారు. నిబంధన ఉండి కూడా పోయారు. అదే ఏడాది అక్టోబరులో జీడీకే 8ఏలో పైకప్పు కూలి పది మంది, 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో ముగ్గురు. కాబట్టి సింగరేణిని ఆదర్శంగా నిలబెట్టాలని నా ఉద్దేశం కాదు. కానీ ప్రతి ప్రమాదం తర్వాతా అక్కడ ఒక ప్రశ్న అడగడం సాధ్యమవుతుంది: ఈ పని ఎవరిది, అతను చేశాడా లేదా? విచారణ జరుగుతుంది, బాధ్యుల పేర్లు తేలతాయి, నిబంధన మారుతుంది. వాగు పొంగి ఊరు మునిగితే ఆ ప్రశ్న అడగడానికే వీల్లేదు. పని ఎవరిదన్నది ముందుగా ఎక్కడా రాసి లేదు గనక.

భూమి మీద కూడా అలా రాసి ఉన్న చోటు ఒకటుంది. భద్రాచలం. అక్కడ గోదావరి 43 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ అంకెలు అక్కడి పిల్లలకు కూడా కంఠతా వచ్చు. 43 అన్నారంటే స్నానఘట్టాల దగ్గర జనాన్ని ఆపేస్తారు, 48 అన్నారంటే లోతట్టు కాలనీల్లో సామాన్లు కట్టడం మొదలవుతుంది, 53 అన్నారంటే ఏ బడిలో పునరావాస కేంద్రం తెరుస్తారో ఊరికి తెలుసు. 1986లో నది 75.6 అడుగులకు చేరినప్పటి అనుభవం ఈ క్రమాన్ని నేర్పింది. 2022 జులై 16న 71.3 అడుగులు వచ్చింది. 36 ఏళ్లలో అంత నీరు లేదు. వేల మందిని ముందే తరలించారు. ఆస్తి నష్టం ఘోరంగా జరిగింది గానీ పట్టణంలో ప్రాణాలు నిలిచాయి. కరకట్ట పొడిగింపు, ముంపు మండలాల పునరావాసం లాంటి తీరని బాకీలు ఇంకా ఉన్నా, హెచ్చరిక విషయంలో భద్రాచలం మన రెండు రాష్ట్రాల్లోనూ చెప్పుకోదగ్గ చోటు. అక్కడ అంకెకు, చేయాల్సిన పనికి ముడి పడి ఉంది.

గోదావరికి వీలైంది పెద్దవాగుకు ఎందుకు కాలేదు?

నది టైమిస్తుంది, వాగు ఇవ్వదన్నది నిజమే. ఎగువన మహారాష్ట్రలో పడ్డ వాన ప్రాణహిత మీదుగా భద్రాచలం చేరడానికి రోజులు పడుతుంది. తిర్యాణి గుట్టల మీద అర్ధరాత్రి కురిసిన వాన తెల్లారేసరికి కింది ఊరి గడపలో ఉంటుంది. గడిచిన కొన్నేళ్లలో తెలంగాణలో జనం ప్రాణాలు తీసినవి చాలావరకు పెద్ద నదులు కావు, పేరు కూడా పక్క జిల్లాకు తెలియని వాగులు. 2023 జులై 27న భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు మోరంచపల్లిని ముంచితే జనం డాబాలెక్కి, చెట్లెక్కి కూర్చున్నారు. అదే రోజుల్లో ములుగు జిల్లా కొండాయిలో జంపన్నవాగు ఎనిమిది మందిని పొట్టన పెట్టుకుంది. ఆ ములుగు జిల్లాలోనే లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. రాష్ట్రంలో అంతకుముందు రికార్డు 2013లో వాజేడులో పడ్డ 517.5 మిల్లీమీటర్లు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు 36 అడుగులు దాకా లేచి కాలనీలను ముంచింది. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లు దాటిన వాన రోడ్లను, రైలు పట్టాలను కోసేసింది. కామారెడ్డిని ఎవరూ వరద జిల్లా అనుకోలేదు. అది కరువు జిల్లా.

వాన కొలవడంలో మనం వెనకబడి లేము. తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సొసైటీ మండలాల్లో పెట్టిన ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు వెయ్యికి పైనే ఉన్నాయి. ఏ గంటకు ఎక్కడ ఎంత పడిందో హైదరాబాద్‌లో తెరమీద కనిపిస్తుంది. వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలు ఇస్తూనే ఉంది. ఆగిపోతున్నది ఆ తర్వాతి మెట్టు దగ్గర. తిర్యాణిలో 200 మిల్లీమీటర్లు పడితే రెబ్బెన వైపు ఏ ఒర్రె ఎన్ని గంటలకు ఏ కల్వర్టు మీదికి ఎక్కుతుంది, ఏ వాడలోకి నీళ్లు వస్తాయి అన్న లెక్క లేదు. జిల్లా మొత్తానికి రెడ్ అలర్ట్ అంటే గోలేటిలో ఉన్న కార్మికుడు ఏం చేయాలి? సెకండ్ షిఫ్టుకు వెళ్లాలా, ఇంట్లో ముసలితల్లిని ఎత్తు మీదికి చేర్చాలా? పదేపదే రెడ్ అలర్ట్ చూసి చూసి జనం దాన్ని పట్టించుకోవడం మానేశారంటే తప్పు జనానిది కాదు. రంగుకు పని జోడించని వ్యవస్థది.

ఊరి అనుభవం మాత్రం కచ్చితంగా ఉంటుంది. ఫలానా మర్రి మొదలు తడిసిందంటే ఇంకో గంటలో దారి బందని చెప్పే పశువుల కాపరి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. ఆ మర్రి మొదలుకు రంగు గీత గీసి, ఆ గీత తడిసినప్పుడు ఎవరు ఎవరికి ఫోను చేయాలో రాసి పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఆసిఫాబాద్ జిల్లాలో ఇంకో చిక్కుంది. ప్రతి వానాకాలం ఎన్నో గూడేలు మండల కేంద్రంతో తెగిపోతాయి. లోలెవల్ వంతెనలు మునుగుతాయి. నిండు గర్భిణిని మంచం మీద, భుజాల మీద వాగు దాటించారన్న వార్త ఏటా వస్తూనే ఉంటుంది. కాగజ్‌నగర్ నుంచి దహెగాం వైపు పోయే దారిలో పెద్దవాగు మీది అందవెల్లి వంతెన 2022లో కుంగి, కూలిపోయింది. కాన్పు తేదీలు ఆశా కార్యకర్త దగ్గర రాసి ఉంటాయి. వాగు ఏ నెలలో పొంగుతుందో అందరికీ తెలుసు. జులై, ఆగస్టుల్లో కాన్పు ఉన్న తల్లులను వారం ముందే ఆసుపత్రికి చేరిస్తే హెలికాప్టర్ అవసరం రాదు. కొన్ని చోట్ల వైద్య సిబ్బంది ఈ పని సొంత చొరవతో చేస్తున్నారు. విపత్తు సన్నద్ధత అంటే నాకు ముందు గుర్తొచ్చేది వాళ్లే. వాళ్ల చొరవ నిబంధనగా మారకపోతే, ఆ నర్సు బదిలీ అయిన ఏడాది మళ్లీ మంచాలు లేస్తాయి.

వాగుల నుంచి గేట్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ ప్రభుత్వానికి ప్రకృతి మీద నెట్టేసే అవకాశం తక్కువ. కడెం ప్రాజెక్టు 1958 ఆగస్టులో, పనులు అవుతూ ఉండగానే, గట్టు మీంచి నీరు పొర్లి తెగిపోయింది. ఆ తర్వాత గేట్లు పెంచి పద్దెనిమిది చేశారు. 2022 జులైలో సుమారు అయిదు లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. గేట్లన్నీ ఎత్తినా వదలగలిగేది మూడు లక్షల చిల్లర. అందులోనూ ఒక గేటు తెరుచుకోలేదు. దిగువ ఊళ్లను ఖాళీ చేయించి రాష్ట్రమంతా ఊపిరి బిగబట్టింది. డ్యాం నిలిచింది. ఏడాది తిరక్కుండా 2023 జులైలో మళ్లీ వరద వస్తే మళ్లీ కొన్ని గేట్లు మొరాయించాయి. 1958 నాటి వరద కూడా దాదాపు ఇంతే ఉందని ఇంజినీరింగ్ రికార్డులు చెబుతాయి. 64 ఏళ్ల కింద ఒకసారి వచ్చిన నీరే మళ్లీ వచ్చింది. దాన్ని ఊహించని ఉపద్రవం అని ఎలా అనగలం?

ఇది తెలంగాణ ఒక్కదాని జబ్బు కాదు. 2021 నవంబరు 19న కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లలో పదుల ప్రాణాలు పోయాయి. ఎగువన పింఛ ప్రాజెక్టు ముందే తెగింది. అన్నమయ్య ప్రాజెక్టు గేటు ఒకటి బాగాలేదన్న సంగతి అప్పటికి కొత్తదేమీ కాదు. 2024 జులై 18న అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లిలో పెద్దవాగు ప్రాజెక్టు గట్టు తెగింది (పేరొకటే గానీ ఇది దహెగాం పెద్దవాగు కాదు). డ్యాం తెలంగాణలో ఉంది, మునిగిన పల్లెలు ఎక్కువగా ఆంధ్రప్రదేశ్ వేలేరుపాడు మండలంలో ఉన్నాయి. గేట్ల మరమ్మతుకు డబ్బు ఎవరు పెట్టాలన్న దగ్గర రెండు రాష్ట్రాల కాగితాలు తిరుగుతూ ఉండగానే గట్టు పోయింది. 2021 చివర్లో అమల్లోకి వచ్చిన డ్యాం భద్రతా చట్టం ప్రతి పెద్ద ఆనకట్టకూ అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉండాలంటుంది, దానికి అయిదేళ్ల గడువిచ్చింది. చట్టం చూపు పెద్ద డ్యాంల మీదే ఉంది. ఆసిఫాబాద్, మంచిర్యాల పల్లెల మీద కూర్చున్న వందలాది చెరువుల మత్తళ్లు, తూములు ఏ ప్రణాళికలోనూ లేవు.

సముద్రం ఒడ్డున మాత్రం మన ప్రభుత్వాలు నేర్చుకున్నాయి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. అన్నమయ్య కట్ట తెగింది సరిగ్గా 44 ఏళ్లకు అదే తేదీన. 1996 నవంబరులో కోనసీమ తుపానులో వెయ్యి మందికి పైగా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖ నగరం మీదికి వచ్చినా చావులు పదుల్లో ఆగాయి. తుపాను షెల్టర్లు, ముందస్తు తరలింపులు, మత్స్యకారులకు నిషేధం, ఏ అధికారి ఏ మండలానికి ముందురోజే చేరాలన్న క్రమం. ఒడిశాది ఇంకా పెద్ద పాఠం. 1999 మహా తుపాను సుమారు పదివేల మందిని మింగితే, ఆ ఏడాదే ప్రత్యేక సంస్థను పెట్టుకుంది. 2013లో ఫైలిన్ వచ్చేసరికి పది లక్షల మందిని కదిలించింది. ఇక బంగ్లాదేశ్. 1970 తుపాను మూడు లక్షల మందిని తీసుకుపోయాక అక్కడ వలంటీర్ల వ్యవస్థ పుట్టింది. ఇప్పుడు 76 వేల మంది, అందులో సగం ఆడవాళ్లు. ఒకరి చేతికి మెగాఫోను, ఒకరికి ప్రథమచికిత్స పెట్టె, ఒకరికి వృద్ధుల జాబితా. మనకన్నా ధనిక దేశమేమీ కాదు అది.

ఆంధ్రప్రదేశ్ కోస్తా తుపానుకు ఇంత నేర్చుకుని, 2024 సెప్టెంబరు 1న బుడమేరు ముందు తెల్లబోయింది. విజయవాడలో చాలా భాగం రోజుల తరబడి నీళ్లలో ఉంది. బుడమేరు చిన్న వాగు. ఆక్రమణలతో ఇరుకైపోయిన వాగు. సముద్రం వైపు తిరిగి కూర్చున్న ప్రభుత్వం వెనక నుంచి వచ్చిన నీటిని చూడలేదు. ఇక్కడ నాకు కనిపించే విషయం ఇది: ఒక చోట వేల మంది పోయాక మాత్రమే మన ప్రభుత్వాలు ఆ చోట, ఆ రకం ప్రమాదానికి వ్యవస్థ కడతాయి. కొండాయిలో ఎనిమిది మంది, మరో ఊళ్లో నలుగురు, ఇంకో చోట ఇద్దరు రెస్క్యూ సిబ్బంది అంటూ విడివిడిగా పోయే ప్రాణాలకు ఏ వ్యవస్థా పుట్టదు.

రక్షించే బలగం సంగతి చూద్దాం. జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ విజయవాడ దగ్గర ఉంది, హైదరాబాద్‌లో ఒక కేంద్రం ఉంది. హైదరాబాద్ నుంచి ఆసిఫాబాద్‌కు దాదాపు మూడు వందల కిలోమీటర్లు, అదీ దారులు తెగని రోజున. 2024 డిసెంబరులో తెలంగాణ సొంత విపత్తు స్పందన దళాన్ని ప్రారంభించింది. పోలీసు బెటాలియన్ల నుంచి మనుషులను తీసి, శిక్షణనిచ్చి, పడవలు, పరికరాలు సమకూర్చింది. ఖమ్మం వరదలు నేర్పిన పాఠం అది, ఆలస్యమైనా మంచి పని. 2025లో సవరించిన విపత్తు నిర్వహణ చట్టం కూడా రాష్ట్రాలు ఇలాంటి దళం పెట్టుకోవచ్చని చెప్పింది. అయితే దళం ఉన్నదా అన్న ప్రశ్న కన్నా, జులై 15 రాత్రి పెద్దవాగు గట్టున ఎంత సేపట్లో ఉంటుందన్న ప్రశ్న ముఖ్యం. వానాకాలం నాలుగు నెలలూ ఒక టీము ఆసిఫాబాద్‌లో, ఒకటి మంచిర్యాలలో మకాం వేయకపోతే, జనాన్ని తీసేది మళ్లీ గజ ఈతగాళ్లు, జేసీబీ డ్రైవర్లే. ఖమ్మంలో ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్నవాళ్లను చివరికి తెచ్చింది జేసీబీయే.

రామగుండంలోని సింగరేణి రెస్క్యూ స్టేషన్‌ను ప్రభుత్వం ఇష్టం వచ్చినప్పుడు వాడుకుంటూనే ఉంది. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుంటే సైన్యం, నౌకాదళంతో పాటు సింగరేణి బృందాలూ వెళ్లాయి. సొరంగానికి వాళ్లను పిలవడం సరైనదే, అది వాళ్ల విద్య. వరదకు కూడా పిలవదలచుకుంటే ప్రభుత్వం ముందు వాళ్లతో ఒప్పందం రాసుకోవాలి. వేగంగా పారే నీటిలో పనిచేసే శిక్షణ, పడవలు, లైఫ్ జాకెట్లు, ప్రత్యేక బీమా, ఎవరి ఆదేశం మీద వెళ్లాలి, ఎప్పుడు వెళ్లనని చెప్పొచ్చు, అన్నీ అందులో ఉండాలి. చివరిది అన్నిటికన్నా ముఖ్యం. బాయిలో రెస్క్యూ టీము కెప్టెన్‌కు వెనక్కి తిరిగే హక్కుంది. వాగు గట్టున, చుట్టూ జనం, అధికారులు, కెమెరాలు ఉన్నప్పుడు, ఆ హక్కు కాగితం మీద లేకపోతే ఏ మనిషీ దాన్ని వాడుకోలేడు.

సింగరేణి ఈ ప్రాంతానికి సాయం చేసేదే కాదు, ప్రమాదాన్ని పెంచేది కూడా. ఆ మాట దాచకూడదు. అండర్‌గ్రౌండ్ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు (ఓసీలు) పెరిగాక నేల రూపే మారిపోయింది. బొగ్గు మీంచి తీసి పోసిన మట్టి, రాళ్లు గుట్టలంత ఓబీ డంపులుగా లేచాయి. ఒర్రెలను మళ్లించారు. ఒకప్పుడు పొలాల మీద పరుచుకుని నెమ్మదిగా పోయే నీరు ఇప్పుడు డంపుల అంచున కోత పెట్టి, మట్టి మోసుకుని ఊళ్ల వైపు వస్తోంది. 2022, 2023 జులైల్లో గోలేటి నుంచి భూపాలపల్లి దాకా ఓసీల్లో నీళ్లు నిండి ఉత్పత్తి ఆగింది. రోజుకు ఎన్ని టన్నులు నష్టమో మర్నాటి పత్రికల్లో వచ్చింది. ఆ ఓసీల్లోంచి పంపులతో తోడిన నీరు ఏ వాగులోకి వెళ్లింది, ఆ వాగు కింద ఎవరున్నారన్నది ఏ పత్రికలోనూ రాలేదు. డంపు కేవలం మట్టిగుట్ట కాదని ప్రపంచానికి తెలిసి చాలా కాలమైంది. 1966 అక్టోబరు 21న వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో ఊట మీద పోసిన బొగ్గు వ్యర్థాల గుట్ట వానలకు జారి బడి మీద పడితే 144 మంది చనిపోయారు, వాళ్లలో 116 మంది పిల్లలు. మన దేశంలో 2016 డిసెంబరులో జార్ఖండ్ రాజ్‌మహల్ ఓపెన్‌కాస్టులో డంపు కూలి 23 మంది కార్మికులు పోయారు. బెల్లంపల్లి ఏరియాలోని కైరిగూడ ఓసీ చుట్టూ ఉన్న పల్లెల వరద పటం గీసేటప్పుడు కంపెనీ డంపులు, మళ్లించిన కాలువలు, పంపులు వదిలే చోట్లు అందులో ఉండి తీరాలి. ఆ వివరాలు కంపెనీ సర్వే ఆఫీసులో ఉన్నాయి. కలెక్టరేట్‌కు రావడానికి ఒక ఉత్తరం చాలు.

కట్టే చోటును ఎంచడంలో ప్రభుత్వం చేసిన తప్పుకు మంచిర్యాలలో ఒక సాక్ష్యం ఉంది. గోదావరి ఒడ్డున కొత్తగా మాతాశిశు ఆసుపత్రి కట్టారు. 2022 జులై వరదకు నీళ్లు లోపలికి వచ్చాయి. బాలింతలను, పసికందులను హడావుడిగా వేరే చోటికి మార్చాల్సి వచ్చింది. గని మూతికి వరద మట్టం కన్నా మీటరున్నర ఎత్తు తప్పనిసరి చేసిన నేల మీద, కాన్పుల ఆసుపత్రికి అలాంటి నిబంధనేదీ అడ్డురాలేదు. ఆ రోజుల్లోనే కాళేశ్వరం కన్నెపల్లి, అన్నారం పంపుహౌసులు కూడా మునిగాయి.

వరద కళ్లకు కనిపిస్తుంది. ఎండ కనిపించదు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు అధికారిక లెక్కల్లోనే 1,900 మందికి పైగా చనిపోయారు. రామగుండం, ఆసిఫాబాద్ ప్రాంతం ఏటా రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతల పట్టీలో ఉంటుంది. ఓసీలో రాతి నేల, నల్లటి బొగ్గు పొర, యంత్రాల వేడి కలిసి పైనున్న ఊరి కన్నా ఎక్కువ కాలుస్తాయి. పర్మినెంటు కార్మికుడికి మజ్జిగ ప్యాకెట్టు, డిస్పెన్సరీ అయినా ఉంటాయి. కాంట్రాక్టు కార్మికుడికి, ఉపాధి హామీ కూలీకి అవీ అనుమానమే. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ వడదెబ్బను రాష్ట్ర స్థాయి విపత్తుగా ప్రకటించి, మరణానికి పరిహారం 50 వేల నుంచి నాలుగు లక్షలకు పెంచింది. ఇది కచ్చితంగా మెచ్చుకోవాల్సిన నిర్ణయం. దాని ఫలితం రెండు విషయాల మీద ఆధారపడుతుంది: గ్రామంలో చనిపోయిన కూలీది వడదెబ్బ చావేనని ధ్రువీకరించేది ఎవరు, మధ్యాహ్నం పనిని ఆపించే అధికారం ఎవరిది? పిడుగుల సంగతీ ఇంతే. 2022లో దేశంలో పిడుగులకు 2,887 మంది చనిపోయినట్టు జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. జూన్ సాయంత్రాల్లో ఆదిలాబాద్ వైపు పత్తి చేలల్లో కూలీలను పిడుగులు ఎత్తుకుపోతూనే ఉన్నాయి. ఒడిశా 2015లోనే పిడుగును తన విపత్తుల జాబితాలో చేర్చింది.

డబ్బు దగ్గర మొత్తం దృక్పథం బయటపడుతుంది. పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా రాష్ట్రాల విపత్తు నిధులకు 1,60,153 కోట్లు లెక్క గట్టింది. అందులో నూటికి 40 రూపాయలు తక్షణ సాయానికి, 30 పునర్నిర్మాణానికి, 20 ముప్పు తగ్గించే పనులకు, 10 సన్నద్ధతకు. ముందుజాగ్రత్తకు విడిగా వాటా పెట్టడమే పెద్ద మెరుగుదల, అంతకుముందు అది కూడా లేదు. అయినా వరద పోయాక పంచే డబ్బుకు చెక్కు, ఫొటో, చప్పట్లు ఉంటాయి. గేటుకు గ్రీజు పూసినందుకు, మర్రి మొదలుకు గీత గీసినందుకు ఏమీ ఉండవు. ఓటర్లుగా మనం కూడా సాయం ఎంతిచ్చారని అడిగినంత గట్టిగా, గేటు ఎప్పుడు పరీక్షించారని అడగం.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకు ఒక ప్రణాళిక ఉండాలి, ఏటా దాన్ని సవరించాలి. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టర్ అధ్యక్షుడు, జిల్లా పరిషత్ అధ్యక్షులు సహాధ్యక్షులు. చాలా జిల్లాల ప్రణాళికలు చదివితే ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. భూకంపం అధ్యాయం, వరద అధ్యాయం, చివర ఫోను నంబర్ల పట్టీ. ఆ నంబర్లలో సగం బదిలీ అయినవాళ్లవి. ఊరి పేరుతో, వాగు పేరుతో, ఇంటి సంఖ్యతో రాసిన పేజీ కనిపించడం అరుదు. పైగా తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదట్లో పంచాయతీల గడువు తీరాక దాదాపు రెండేళ్లు ఎన్నికలే జరగలేదు. 2024, 2025 వానాకాలాల్లో పల్లెల్లో సర్పంచులు లేరు. ఒక్కో ప్రత్యేకాధికారి చేతిలో ఎన్నో ఊళ్లు. మున్నేరు పొంగినప్పుడు, కామారెడ్డి మునిగినప్పుడు ఇల్లిల్లూ తిరిగి లేపాల్సిన మనిషి ఆ కుర్చీలో లేడు. దీన్ని ఎవరూ విపత్తు సన్నద్ధతలో లోపంగా లెక్కించలేదు. నా దృష్టిలో ఆ రెండేళ్లలో జరిగిన అతి పెద్ద లోపం అదే.

2025 డిసెంబరులో ఎన్నికలు జరిగి కొత్త సర్పంచులు వచ్చారు. రెబ్బెన, తిర్యాణి, దహెగాం మండలాల సర్పంచులు మే నెలలో ఒకసారి గోలేటి జీఎం ఆఫీసులో కలెక్టర్‌తో, గనుల సేఫ్టీ ఆఫీసర్లతో కూర్చుంటే మంచిది. బాయిలో వానాకాలానికి ముందు నీళ్ల ప్రమాదం మీద ఏటా చేసే తనిఖీ కాగితాన్ని కంపెనీవాళ్లు బల్ల మీద పెట్టాలి. దాన్ని చూసి ఒక్కో ఊరూ తన కాగితం రాసుకోవాలి: ఏ వాగు, ఏ గుర్తు తడిస్తే, రాత్రిపూట ఎవరు చూస్తారు, ఎవరు డప్పు కొడతారు, ఏ ఇంట్లో నడవలేని మనిషి ఉన్నారు, ఎవరి ట్రాక్టరు వస్తుంది, ఏ బడి తాళం ఎవరి దగ్గర ఉంది. కింద వాళ్ల పేర్లు, సంతకాలు. ఒక ప్రతి పంచాయతీ గోడ మీద, ఒకటి ఠాణాలో, ఒకటి కలెక్టరేట్ కంట్రోల్ రూంలో. జూన్ మొదటి వారంలో ఒక రాత్రి, ముందుగా చెప్పకుండా, ఆ ఫోన్లు మోగించి చూడాలి.